కొహాలా కాలవ మీది నీళ్ళమ్మ

హవాయి వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచీ మా న్యూజెర్సీ ప్లెయిన్స్‌బరోలో కనబడ్డవాళ్ళంతా సముద్రం గురించే అడుగుతున్నారు. సముద్రం చూడలేదని కాదు. విమానం దిగిన రోజు ఒక అరగంట, ఎక్కే రోజు ఒక అరగంట చూశాను. మిగతా రోజుల్లో నేను చూసింది ఒక కాలవని. వందేళ్ళ పైచిలుకు కిందట చెరుకు తోటల కోసం కొండల్లో తవ్విన కాలవ అది. దాని గట్టు మీద జపాను వాళ్ళ నీళ్ళ దేవతకి ఒక గుడి ఉంది. గుడి అన్నానని గోపురం ఊహించుకోకండి, మన తులసి కోట కంటే కాస్త పెద్దది, అంతే. దాన్ని మూసెయ్యడానికి మా వియ్యంకురాలు బయల్దేరితే నేను తోడు వెళ్ళాను.

హిలో

మా అమ్మాయి స్నేహ రెండేళ్ళ కిందట కెన్‌ని పెళ్ళి చేసుకుంది. వాళ్ళిద్దరూ కాలిఫోర్నియాలో ఉంటారు. కెన్ వాళ్ళమ్మ జూన్ హవాయి పెద్ద దీవిలో, హిలో ఊళ్ళో ఉంటుంది. ఆవిడ తాత జపాను నుంచి కూలికి వచ్చినవాడు. ఆవిడ బడి లైబ్రరీలో పనిచేసి రిటైరయింది. పెళ్ళికి న్యూజెర్సీ వచ్చినప్పుడు మూడు రోజుల్లో నాతో మాట్లాడింది మొత్తం నాలుగు వాక్యాలు. అందులో రెండు థాంక్యూలు. కోపమేమోనని మా ఆయన కంగారుపడ్డాడు. కోపం కాదు, మనిషే అంత.

అలాంటి మనిషి ఈ వేసవిలో తనే ఫోన్ చేసి, ఒక పని మీద దీవి ఉత్తరపు కొసన ఉన్న కొహాలా వెళ్ళాలి, మీకు దేవుళ్ళ సంగతులు తెలుసు కదా, రాగలరా అని అడిగింది. కెన్‌కి సెలవు దొరకలేదు. స్నేహ నాతో వచ్చింది.

నా పేరు వసుంధర. జూన్‌కి అంత పేరు నోరు తిరగక 'వాసు' అంటుంది. అది మగవాళ్ళ పేరని స్నేహ చెప్పబోతుంటే నేనే వద్దన్నాను. స్నేహ మాత్రం అత్తగారిని జూన్ అని పేరు పెట్టే పిలుస్తుంది. విన్నప్పుడల్లా నాకు గుండె గతుక్కుమంటుంది. ఆవిడకి ఏమీ అనిపించదట. మా ఇద్దరి చుట్టరికానికి ఇంగ్లీషులో మాట లేదని, తెలుగులో ఉందని చెప్తే, 'వియ్యంకురాలు' అని మూడుసార్లు అనిపించుకుని పుస్తకంలో రాసుకుంది.

హిలోలో మేమున్న రెండు రోజులూ వాన పడుతూనే ఉంది. సూపర్ మార్కెట్‌లో గ్యాలన్ పాలు మా దగ్గర కంటే రెట్టింపు ధర. ఓడ మీద రావాలి మరి అంది జూన్. కానీ రోడ్డు పక్కన బల్ల మీద బొప్పాయిలు పెట్టి, పక్కన ఒక రేకు డబ్బా పెట్టి వెళ్ళిపోతారు. మూడు డాలర్లు డబ్బాలో వేసి ఐదు బొప్పాయిలు తీసుకోవడమే. కాపలా ఎవరూ ఉండరు. నేను వేసిన డబ్బు సరిగా లోపల పడిందా లేదా అని వంగి చూశాను. స్నేహ సిగ్గుపడింది.

అసలు సంగతి జూన్ ఆ సాయంత్రం వంటింటి బల్ల మీద కాగితాలు పరిచి చెప్పింది. ఆవిడ తాత, ఆయనతో వచ్చిన కూలీలు కొండలో సొరంగాలు తొలిచి కాలవ తవ్వారు. మోకాలి లోతు చల్లటి నీళ్ళలో నిలబడి పని. రాళ్ళు పడి కొందరు పోయారు. నీళ్ళు పారిన రోజున, మిగిలినవాళ్ళు సొరంగం నోటి దగ్గర నీళ్ళ దేవతకి గుడి కట్టారు. తర్వాత తాతే దాన్ని చూసుకున్నాడు. జపాను మీద యుద్ధం మొదలయ్యాక అలాంటి గుళ్ళ పూజారులని అమెరికా సర్కారు పట్టుకుపోయింది. అప్పట్నుంచి తాత అటు వెళ్ళడం మానేశాడు. యుద్ధం చివర్లో ఆయన పోయాడు. జూన్ వాళ్ళ నాన్న ఇంటిల్లిపాదినీ హిలో తీసుకొచ్చి చర్చిలో చేర్పించాడు. ఆవిడకి ఏడేళ్ళప్పుడు ఒక్కసారి నాన్న కారు ఆపి, అదిగో అక్కడ అని దూరం నుంచి చెయ్యి చూపించి, కారు తిప్పేశాడట.

ఇప్పుడు ఆ భూమి చేతులు మారింది. కొత్త యజమాని ఉత్తరం రాశాడు. గుడిని తీసేయండి, లేదా ఎవరికన్నా దెబ్బ తగిలితే బాధ్యత మాది అని సంతకం పెట్టండి అని. పినతండ్రుల పిల్లలు ఐదుగురూ ఈమెయిల్లో తీసేద్దామనే అన్నారు. జూన్ అందరికంటే పెద్దది, కాబట్టి పని ఆవిడ మీద పడింది. ఊరికే పడగొట్టకూడదు. హోనొలులు నుంచి పూజారి వచ్చి దేవతని సాగనంపాలి, ఆ తర్వాతే చెయ్యి వెయ్యాలి.

అది మాకూ ఉంది అన్నాను. వినాయక చవితి పూజయ్యాక ఉద్వాసన చెప్పి విగ్రహాన్ని కొంచెం కదుపుతాం. దేవుడు వెళ్ళాక మిగిలేది మట్టే. జూన్ అదీ రాసుకుంది.

ఇన్నేళ్ళూ అక్కడ ఎవరు చూసుకుంటున్నారని అడిగాను.

"ఎవరూ లేరు. అడివి పట్టిపోయి ఉంటుంది" అంది. గ్లవ్స్, కొడవలి, టార్పాలిన్ అన్నీ అప్పటికే కారులో పెట్టేసింది.

వైమేయా మీదుగా

శుక్రవారం పొద్దున బయల్దేరాం. స్నేహ డ్రైవ్ చేసింది. హిలో దాటిన గంటకి, వైమేయా దగ్గర, వాన ఆగి, పచ్చిక కొండలు, వాటి మీద ఆవులు. హవాయి అంటే ఇలా ఉంటుందని ఎవరూ చెప్పరు. పెట్రోలు బంకులో ముసుబి కొన్నాం. అన్నం ముద్ద మీద వేయించిన డబ్బా మాంసం ముక్క పెట్టి, సముద్రపు నాచుతో చుట్టి అమ్ముతారు. నేను ముక్క తీసి స్నేహకిచ్చి అన్నం తిన్నాను. ఉప్పుడు పిండి చల్లారినట్టుంది. బాగుంది అన్నాను, జూన్ తయారు చేసినది కాకపోయినా.

బంకులో అమ్మాయి నన్ను 'ఆంటీ' అని పిలిచింది. తెలుగు పిల్లేమో అని తలెత్తి చూశాను. కాదు. హవాయిలో పెద్దవాళ్ళంతా ఆంటీ, అంకులేనని జూన్ చెప్పింది.

"చూశావా అమ్మా, నేను స్కూల్‌లో అందరినీ ఆంటీ అని పిలిస్తే నవ్వారు. ఇక్కడ పుట్టి ఉంటే ప్రాబ్లమ్ ఉండేది కాదు" అంది స్నేహ.

కొహాలా దగ్గరపడేసరికి రోడ్డుకి రెండు వైపులా సరుగుడు చెట్లు. ఆ చెట్లని అక్కడ చూస్తానని అనుకోలేదు. సముద్రం గాలికి అన్నీ ఒకే వైపు వంగి ఉన్నాయి.

కాలవ గట్టు

మట్టి రోడ్డు ఎక్కడ ఆగిపోయిందో అక్కడ కారు ఆపి నడిచాం. ఎర్రమన్ను, పైన వాన. రెండు అడుగులకోసారి చెప్పుకి కిలో మన్ను. దారి పొడుగునా అడివి జామ చెట్లు. జూన్ కొడవలి పట్టుకుని ముందు నడిచింది కానీ దాంతో పని పడలేదు. దారి మీద కొమ్మలు ఎవరో కొట్టేసి ఉన్నాయి.

ముందు గుడి ముఖద్వారం కనబడింది. జపాను గుళ్ళకి రెండు స్తంభాలు, పైన రెండు దూలాలతో ఎర్ర ద్వారం ఉంటుంది కదా. ఇక్కడ అది పాత నీళ్ళ పైపులు అతికించి చేసింది. దాని వెనక సొరంగం నోరు, అందులోంచి చప్పుడు లేకుండా వచ్చే నీళ్ళు, పక్కన రాళ్ళ అరుగు మీద రేకు కప్పు వేసిన చెక్క గుడి.

ముందు ఊడ్చి ఉంది. గుమ్మం దగ్గర తెల్లటి పింగాణీ గిన్నెలో నీళ్ళున్నాయి. వాటిలో ఆకు కూడా పడలేదు. రెండు పక్కలా కోసి ఎక్కువసేపు కాని ఆకులు. జూన్ వేసుకున్న గ్లవ్స్ విప్పి చేతిలో పట్టుకుంది.

నేను అలవాటు కొద్దీ చెప్పులు విప్పి గట్టు మీద పెట్టాను.

"అమ్మా, ఇక్కడ చెప్పులు తియ్యక్కర్లేదు. బిల్డింగ్ లోపలికి వెళ్తేనే" అంది స్నేహ.

"తియ్యకుంటే నాకు కాళ్ళు ముందుకు పడవే" అన్నాను.

ముందు కాలవ నీళ్ళతో చేతులు కడుక్కోవాలని జూన్ పుస్తకంలో రాసుకొచ్చింది చూసి చూపించింది. ఎడమ చెయ్యి, కుడి చెయ్యి, తర్వాత ఎడమ అరచేతిలో నీళ్ళు పోసుకుని నోరు. నేను న్యూజెర్సీలో ఒక టౌన్ నీళ్ళ ల్యాబులో పనిచేస్తాను. అడివి పందులు తిరిగే చోట వాగు నీళ్ళలో ఏముంటుందో నాకు తెలుసు. పెదవులకి తడి తగిలించి ఊరుకున్నాను, స్నేహకీ అదే చెప్పాను. రెండుసార్లు వంగి, రెండుసార్లు చప్పట్లు కొట్టి, మళ్ళీ ఒకసారి వంగాలి. అంతే దండం. గంట లేదు, హారతి లేదు. గుడి తలుపులు మూసే ఉంటాయి. లోపల ఏముందో ఎవరూ చూడరట. దర్శనం లేని గుడికి రావడం నాకు అదే మొదలు.

వెనక్కి తిరిగేసరికి నా చెప్పు ఒకటే ఉంది. రెండోది బురదలో జారి కాలవలో పడి వెళ్ళిపోయింది. ఒంటి చెప్పుతో కుంటుతూ గట్టు వెంట వెళ్తుంటే, కింద మలుపు దగ్గర గడ్డి టోపీ పెట్టుకున్న ముసలాయన ఒకరు ఎదురొచ్చాడు. ఒక చేతిలో ఇనప పళ్ళున్న పొడవాటి కర్ర, రెండో చేతిలో నా చెప్పు. ఆయన కూడా కుంటుతున్నాడు.

"జాలీలో చిక్కుకుంది. ఎవరిది?" అన్నాడు.

ఆయన పేరు టోనీ. డెబ్భై నాలుగేళ్ళు. వాళ్ళ నాన్న ఫిలిప్పీన్స్ నుంచి చెరుకు తోటలకి వచ్చాడు. తండ్రీ కొడుకులిద్దరూ ఈ కాలవ మీదే పనిచేశారు. గండ్లు చూడటం, జాలీల్లో పట్టిన ఆకులు లాగడం. మన కాలవల మీద లస్కర్లు చేసే పని. తోటలు పోయినా కింద పశువుల వాళ్ళకి నీళ్ళు కావాలి కాబట్టి ఆయన ఇప్పటికీ కొంత చూస్తాడు. ఆయన ఇంగ్లీషు నాకు సగమే అర్థమైంది, మిగతా సగం స్నేహ చెప్పింది.

జూన్ తన తాత పేరు చెప్పింది. టోనీ టోపీ తీశాడు. మా చేతుల్లో గ్లవ్స్, కొడవలి, టార్పాలిన్ చూశాడు. ఇవాళ శుక్రవారం, మా ఆవిడ పప్పు చేస్తుంది, భోజనానికి రండి అన్నాడు.

మునగాకు పప్పు

వాళ్ళ పెరట్లో మునగచెట్టు ఉంది. అది చూసి నేను కారులోంచి దిగడం కూడా మర్చిపోయాను. టోనీ భార్య రోసా బల్ల మీద పెట్టిన పప్పు పెసలూ మునగాకూ. అల్లం, వెల్లుల్లి, పైన చిన్న ఎండు రొయ్యలు, అవి నేను పక్కకి తీసిపెట్టాను. శుక్రవారాలు వాళ్ళు మాంసం తినరు, క్యాథలిక్కులు. మా ఇంట్లోనూ శుక్రవారం తినం అని చెప్తే రోసా నన్ను ఏకంగా చుట్టాన్ని చేసేసింది. పోపు లేదన్నమాటే కానీ కళ్ళు మూసుకుని తింటే అది మా అమ్మ చేసిన పప్పే. మా న్యూజెర్సీ ఎడిసన్‌లో మునగాకు కట్ట ఎంతకి కొంటామో చెప్తే ఆవిడ నమ్మలేదు. వెళ్ళేటప్పుడు సంచీ నిండా కోసిచ్చింది.

జూన్ సరిగా తినలేదు. చివరికి స్పూను పక్కన పెట్టి, ఆ గిన్నెలో నీళ్ళు ఎవరు పెడుతున్నారని అడిగింది.

నేనే అన్నాడు టోనీ. నలభై ఏళ్ళుగా. అంతకుముందు వాళ్ళ నాన్న.

తర్వాత ఆయన నింపాదిగా చెప్పుకొచ్చాడు. యుద్ధం మొదలైన నెలలో జూన్ వాళ్ళ తాత చీకటి పడకముందే కాలవ దగ్గరికి వచ్చి టోనీ నాన్నని పక్కకి పిలిచాడట. నేను ఇటు వస్తే పట్టుకుపోతారు, నువ్వు ఫిలిపినోవి, పైగా కాలవ మీద పని, నిన్ను ఎవరూ అనుమానించరు, పొద్దున్నే ఒక గిన్నెడు నీళ్ళు పెట్టు, మంత్రాలేమీ అక్కర్లేదు, యుద్ధం అయిపోయేదాకా చూడు చాలు, అన్నాడట. టోనీ నాన్న సరేనన్నాడు. మాట అన్నాక పెట్టాడు. పోయేముందు టోనీకి చెప్పి పోయాడు.

"కానీ యుద్ధం అయిపోయింది కదా" అంది స్నేహ మెల్లగా.

"అయిపోయిందని మా నాన్నకి తెలుసు" అన్నాడు టోనీ. "ఆపమని ఎవరూ వచ్చి చెప్పలేదు."

రోసా లేచి గిన్నెలు తీసింది. పెళ్ళయిన కొత్తలో ఈయన తెల్లారకముందే లేచి పోతుంటే చేపలకి వెళ్తున్నాడనుకుందట. ఏడాదైనా ఒక్క చేపా తేలేదు. ఒకరోజు వెనకాలే వెళ్ళి చూసింది. వేరే ఆడమనిషి ఉందనుకుని వెళ్ళానని, వెళ్తే నిజంగానే ఉందని నవ్వింది. వాళ్ళ వంటింట్లో మరియమ్మ బొమ్మ ఉంది. దాని ముందూ ఒక గ్లాసు నీళ్ళున్నాయి.

జూన్ ఇక దాచలేదు. ఉత్తరం సంగతి, రేపు పూజారి వస్తున్న సంగతి చెప్పింది. టోనీ విన్నాడు. మీ కుటుంబానిది, మీ ఇష్టం అన్నాడు. వద్దని ఉంటే జూన్‌కి తేలికయ్యేదేమో.

మధ్యాహ్నం, రెండు రాత్రులకి మేము తీసుకున్న బస అరుగు మీద కూర్చున్నప్పుడు నేను ఆవిడకి మా అమ్మమ్మ ఊరి సంగతి చెప్పాను. కృష్ణ మీద ప్రాజెక్టు కట్టినప్పుడు ఆ ఊరు మునిగింది. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. శివాలయాన్ని రాళ్ళకి నంబర్లు వేసి తీసుకెళ్ళి కొత్త కాలనీలో కట్టారు. ఆంజనేయస్వామిని బండి మీద తీసుకెళ్ళారు. రేవులో గంగమ్మ ఉండేది, పసుపు పూసిన రాయి. జాలర్లు ఎవరికి వాళ్ళు మొక్కేవాళ్ళు. పూజారి లేడు, మాన్యం లేదు. ఆమె ఎవరిదీ కాదు కాబట్టి ఆమెను తీసుకెళ్ళడం ఎవరి పనీ కాలేదు. మా అమ్మమ్మ కొత్త కాలనీకి వెళ్ళాక, నీళ్ళమ్మే కదా, నీళ్ళలోనే ఉంది అనేది. అనేది కానీ ఆ మాట అన్నప్పుడల్లా లేచి లోపలికి వెళ్ళిపోయేది.

"మీరు ఉద్వాసన చెప్పడానికైనా వచ్చారు" అన్నాను జూన్‌తో. "మాకు అది కూడా చేతకాలేదు. మూసినా తప్పు లేదు."

ఆ మాట నేను మనస్ఫూర్తిగానే అన్నాను.

శనివారం

పూజారి ఆడమనిషి. యాభై ఏళ్ళుంటాయి. జీన్స్‌తో కారు దిగి, టార్పాలిన్ చాటున తెల్ల అంగీ, లేత నీలం కుచ్చిళ్ళ బట్ట కట్టుకుని వచ్చింది. జూన్ తెచ్చిన పళ్ళేలు సర్దింది. బియ్యం, ఉప్పు, నీళ్ళు, బియ్యపు సారా, ఎండు చేప, చామదుంపలు, బొప్పాయి. కొబ్బరికాయ కొట్టరా అని అడిగాను. కొట్టరట.

మొదలుపెట్టే ముందు మాకు ఆ దేవత కథ చెప్పింది. లోకాన్ని కన్న తల్లి ఆఖరికి అగ్నిని కన్నది. ఆ మంటకి ఒళ్ళు కాలి, చనిపోతూ ఉండగా ఆమె మూత్రంలోంచి ఈవిడ పుట్టింది. పూజారమ్మ ఆ మాట ఎలాంటి మొహమాటమూ లేకుండా చెప్పింది. నేను, స్నేహ ఒకరినొకరు చూసుకున్నాం. నిప్పు పుట్టిన ఇంట్లో నీళ్ళూ పుట్టాలి కదా, పెద్దవాళ్ళు అలా అర్థం చెప్తారు అంది. జపానులో ఈవిడ పెద్ద గుడికి వాన కావాలంటే నల్ల గుర్రాన్ని, వాన ఆగాలంటే తెల్ల గుర్రాన్ని ఇచ్చేవారట. పోనుపోను గుర్రాలకి బదులు చెక్క మీద గుర్రం బొమ్మ గీసి కట్టడం మొదలైంది. మేము కప్పలకి పెళ్ళి చేస్తామని చెప్పాను. కప్ప చవక అంది పూజారమ్మ, నవ్వకుండా.

తర్వాత పళ్ళెం పెట్టడానికి వంగి, గుమ్మం దగ్గర గిన్నె చూసింది. చేత్తో తాకింది.

"ఈ నీళ్ళు ఇవాళ పెట్టినవి. ఎవరు పెట్టారు?"

టోనీ వెనక పైపుల ద్వారం దగ్గర నిలబడి ఉన్నాడు. చర్చికి వేసుకునే తెల్ల చొక్కా వేసుకొచ్చాడు.

"నేనే. మీరు వస్తారని తెలుసు. అయినా ఆరింటికి అలవాటుగా వచ్చేశాను."

పూజారమ్మ జూన్‌ని అడిగి సంగతంతా తెలుసుకుంది. చేతిలో చదవాల్సిన కాగితం మడత విప్పలేదు.

"నన్ను పిలిచింది ఎవరూ లేని గుడి అని చెప్పి" అంది. "సాగనంపడం నాకు వచ్చు. కానీ ఒక మనిషి రోజూ పిలుస్తుంటే ఆవిడ ఎలా వెళ్తుంది? ముందు ఆయన్ని ఆ పనిలోంచి విడిపించాలి. అది నేను చెయ్యలేను. అప్పగించిన ఇంటివాళ్ళే చెయ్యాలి."

జూన్ టోనీ ఎదుటికి వెళ్ళి నిలబడింది. నడుము వంచి దండం పెట్టింది.

"మా తాత మీ నాన్నగారిని యుద్ధం అయిపోయేదాకా చూడమన్నాడు" అంది. "యుద్ధం అయిపోయింది. వచ్చి చెప్పాల్సింది మేము. మా నాన్న రాలేదు. నేనూ రాలేదు. ఇప్పుడు చెప్తున్నాను. మీరు ఇక ఆపొచ్చు. మీరు మాకు చెయ్యాల్సింది ఏమీ లేదు."

టోనీ టోపీ అంచు వేళ్ళతో తిప్పుతూ విన్నాడు.

"సరే" అన్నాడు.

పూజారమ్మ కాగితం విప్పబోయింది. టోనీ మళ్ళీ గొంతు సవరించుకున్నాడు.

"అయితే రేపట్నుంచి నా కోసం పెట్టుకోవచ్చా?"

జూన్ పూజారమ్మ వైపు చూసింది. నా వైపు చూసింది. నిన్న మూసినా తప్పులేదన్నది నేనే. జూన్ ఎవరి జవాబు కోసమూ ఆగలేదు.

"పెట్టుకోండి" అంది. అని, అరుగు మీద కూర్చుని ఏడ్చింది. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, చప్పుడు లేకుండా. స్నేహ వెళ్ళి పక్కన కూర్చుంది. అత్తగారి వీపు మీద చెయ్యి వెయ్యచ్చా లేదా అన్నట్టు కాసేపు చెయ్యి గాల్లోనే ఉంచి, తర్వాత వేసింది.

సాగనంపే కాగితం తిరిగి సంచీలోకి వెళ్ళింది. ఇంటివాళ్ళు ఆ ఉత్తరం మీద సంతకం పెడితేనే గుడి నిలబడుతుందని పూజారమ్మ గట్టిగానే చెప్పింది. జూన్ తలూపింది. అప్పుడు ఆమె వేరే కాగితం తీసి, మామూలు రోజు చేసే పూజ చేసింది. తెల్ల కాగితం కుచ్చులున్న కర్ర మా తలల మీద అటూ ఇటూ ఊపింది. ఒకే శ్రుతిలో సాగదీసి చదివింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు కానీ, మధ్యలో జూన్ పేరు, టోనీ పేరు రెండూ వినబడ్డాయి.

చివర్న ప్రసాదం బియ్యపు సారా, ఒక్కొక్కరికి చిన్న గిన్నెలో గుటకెడు. నేను నాలిక తడి చేసుకున్నాను. టోనీ రెండోసారి పోయించుకున్నాడు. తర్వాత పూజారమ్మని ఆ దేవత పేరేమిటని అడిగాడు. నలభై ఏళ్ళుగా ఆయనకి పేరు తెలియదు. నాన్న లేడీ అనేవాడు, తనూ లేడీ అంటాడు.

"మిజుహానొమె" అంది పూజారమ్మ. ఆయన మూడుసార్లు ప్రయత్నించి ఊరుకున్నాడు.

"లేడీ అంటే పలుకుతూనే ఉంది" అన్నాడు.

మర్నాడు ఆదివారం. మా విమానానికి టైముంది, అందుకని పొద్దున ఆరింటికి మేమూ వెళ్ళాం. టోనీ ఏదో విశేషంగా చేస్తాడనుకున్నాను. పాత నీళ్ళు మొక్కకి పారబోసి, గిన్నె కడిగి, సీసాలో ఇంటి నుంచి తెచ్చిన మంచినీళ్ళు పోసి, రెండు చప్పట్లు కొట్టి, తనలో తను ఏదో మాట్లాడి, శిలువ గుర్తు వేసుకున్నాడు. కర్ర తీసుకుని జాలీ దగ్గరికి వెళ్ళిపోయాడు. చర్చి టైమవుతోంది అన్నాడు.

ఇంటికొచ్చాక

సంచీ నిండా తెచ్చిన మునగాకు విమానాశ్రయంలో ఆపేశారు. ఆకులూ పళ్ళూ దీవి దాటనివ్వరని నేను తెలుసుకోవాల్సింది. రోసాకి ఆ సంగతి చెప్పొద్దని స్నేహ చేత ఒట్టు వేయించుకున్నాను.

ఉత్తరం మీద జూన్ ఒక్కతే సంతకం పెట్టింది. పినతండ్రుల పిల్లల్లో ఇద్దరికి కోపం వచ్చిందట. ఇద్దరు జవాబే ఇవ్వలేదు. ఒకడు మాత్రం, శుభ్రం చేసే రోజు ఎప్పుడో చెప్పు, వస్తాను అని రాశాడట. కొత్త యజమాని నుంచి ఇంకా కబురు లేదు. ఆయన ఏమంటాడో తెలియదు. టోనీ తర్వాత ఎవరు అన్నదానికి కూడా ఇప్పటికైతే ఎవరి దగ్గరా జవాబు లేదు. నెలలో మొదటి శనివారం జూన్ హిలో నుంచి రెండు గంటలు డ్రైవ్ చేసుకుని వెళ్తోంది.

పోయిన నెల టోనీ మోకాలికి ఆపరేషన్ అయింది. రెండు వారాలు జూన్ అక్కడే గది తీసుకుని ఉంది. ఒక ఆదివారం మధ్యాహ్నం నేను వంట సర్దుతుంటే ఫోన్ చేసింది. అక్కడ పొద్దున. వెనక కాలవ నీళ్ళ చప్పుడు లేదు, అది చప్పుడు చెయ్యదు, పిట్టల అరుపులున్నాయి.

"వాసూ, నీళ్ళు పెట్టాను. చప్పట్లు కొట్టాను. తర్వాత ఊరికే నిలబడ్డాను. టోనీ ఏదో మాట్లాడతాడు, నేను చూశాను. నాకు ఏం మాట్లాడాలో తెలియడం లేదు. మీ వైపు ఏం మాట్లాడతారు?"

మా అమ్మమ్మ రేవులో ఏం చేసేదో గుర్తు తెచ్చుకుని చెప్పాను. ముందు ఇంట్లో సంగతులు చెప్తాం. పిల్లలు ఎలా ఉన్నారు, ఎవరికి పెళ్ళయింది, ఎవరికి ఒంట్లో బాగాలేదు. అడగాల్సింది ఏమన్నా ఉంటే చివర్న అడుగుతాం.

"అంతేనా?"

"అంతే."

సరేనని పెట్టేసింది. నేను గిన్నెలు కడిగి, బట్టలు మడతపెట్టి, కాసేపు పడుకున్నాను కూడా. గంటన్నర తర్వాత ఆవిడ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. కెన్ ఐదో క్లాసు దాకా చెప్పాను, వాన మొదలైంది, మిగతాది రేపు.